దుర్గాశ్రీ నాలుగో కడుపు

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్ళే పల్లెవెలుగు బస్సుల్లో దుర్గాశ్రీ కండక్టరు. వాళ్ళ నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేస్తూ గుండెపోటుతో పోతే, ఇంటికి పెద్ద కూతురు కాబట్టి ఆయన బదులు ఈ కండక్టరు ఉద్యోగం ఆమెకిచ్చారు. అప్పటికి ఆమె డిగ్రీ పూర్తయి ఏడాది. చేరిన కొత్తలో బస్సు కుదుపులకు నిలదొక్కుకోలేక కమ్మీలు పట్టుకుని వేలాడేది. కొన్నాళ్ళకల్లా ఒక చేత్తో టికెట్ మిషను నొక్కుతూ, నడుము సీటు అంచుకి ఆనించి, "ముందుకి జరగండమ్మా, ఇంకా బోలెడు చోటుంది" అని బస్సు చివరిదాకా వినపడేలా కేకెయ్యడం నేర్చుకుంది. ఆ దారిలో రోజూ తిరిగే కాలేజీ పిల్లలకి, కొబ్బరి దింపు కూలీలకి, కొత్తపేట కోర్టు పని మీద వచ్చేవాళ్ళకి ఆమె గొంతు బాగా పరిచయం.

ఈతకోట అబ్బాయి తాతాజీతో ఆమెకు పెళ్ళయింది. అతను రావులపాలెం అరటి మార్కెట్లో ఒక కమీషను కొట్లో గుమస్తా. సైకిళ్ళ మీద గెలలు తెచ్చే రైతులకీ, లోడు కోసం తొందరపెట్టే లారీవాళ్ళకీ మధ్య పొద్దుటి నుంచి తిరుగుతూ కూడా గొంతు పెంచి మాట్లాడని మనిషి. ఇంట్లో పెద్దదిక్కు అతని తల్లి శ్యామలాంబ. ఆవిడకి ఏ మాటా కడుపులో దాచుకోవడం చేతకాదు. అనేది అనేసి, అరగంటలో అంతా మరిచిపోయి, కాఫీ గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చుంటుంది.

పెళ్ళయిన మరుసటి ఏడు దుర్గాశ్రీ నెల తప్పింది. మూడో నెల పడుతుండగా ఒక ఆదివారం పొద్దున్న నడుంనొప్పి మొదలై, మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. దగ్గర్లోని డాక్టరు "మొదటిసారి చాలామందికి ఇలా జరుగుతుందమ్మా, బెంగపెట్టుకోకు" అన్నారు. ఆ మాట నిజమే కాబట్టి, అందరూ అలాగే అనుకుని ఊరుకున్నారు. రెండోసారి నెల తప్పి స్కానింగుకి వెళితే, మిషను మీద చెయ్యి తిప్పుతున్న అమ్మాయి ఒక్కసారి మాటలు మానేసింది. బిడ్డ గుండె కొట్టుకోవడం లేదు. దుర్గాశ్రీకి ఆ మౌనమే జ్ఞాపకం ఉండిపోయింది.

మూడోసారి ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు. వాంతులు తగ్గి, నాలుగో నెల పడి, పొట్ట మీద చీర కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టుకోవలసి వచ్చినప్పుడు మాత్రం డిపోలో ఆడవాళ్ళు గమనించి నవ్వారు. గండం గడిచిందనే అనుకుంది దుర్గాశ్రీ.

ఆ రోజు రెండో ట్రిప్పు. డ్రైవరు వీరాస్వామి గారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, దుర్గాశ్రీ తండ్రితో కలిసి పనిచేసినవారు. ఆమెని "అమ్మాయ్" అని తప్ప పేరు పెట్టి పిలిచి ఎరగరు. పలివెల దాటాక దుర్గాశ్రీకి పొత్తికడుపులో మెలిపెట్టినట్టయింది. పళ్ళు బిగబట్టి మరో ఇద్దరికి టికెట్లు కొట్టింది. మూడో ఆవిడ చిల్లర చాపితే అందుకోలేక చెయ్యి కిందికి జారిపోయింది. కాళ్ళ మీదుగా వెచ్చగా కారడం తెలిసింది. ఖాకీ చొక్కా కింద చీర తడిసిపోతోంది.

"ఏంటమ్మా, మొహం అలా పాలిపోయింది? ముందు కూర్చోండి," అంటూ ఒకామె లేచి ఆమెను తన సీట్లో కూర్చోబెట్టింది. కిందికి చూసిన మరుక్షణం ఆమెకి సంగతి అర్థమైంది. "డ్రైవరు గారూ, బండి ఆపకండి! ఆసుపత్రికి పోనివ్వండి!" అని అరిచింది.

వీరాస్వామి గారు అద్దంలోంచి వెనక్కి చూశారు. "అయ్యా, అమ్మా! మా కండక్టరమ్మకి బాగోలేదండి. కొత్తపేట ఆసుపత్రికి తీసుకెళ్ళిపోతన్నాను. మధ్యలో ఎక్కడా ఆపను. దిగాల్సినోళ్ళు ఏమీ అనుకోకండి, ఆయ్."

"పోనివ్వండి, పోనివ్వండి! మేం నడిచెళ్ళిపోతాం," అన్నాడు వెనక సీట్లోంచి ఎవరో.

కిక్కిరిసిన ఆ బస్సులో ఆడవాళ్ళంతా కలిసి దుర్గాశ్రీ చుట్టూ చీర కొంగులు తెరలా పట్టుకున్నారు. ఒక కాలేజీ పిల్ల తన చున్నీ తీసి మడతపెట్టి అందించింది. ఎవరో నీళ్ళ సీసా మూత తీసి నోటికి ఆనించారు. దారిలో దిగిపోవలసిన వాళ్ళ ఊళ్ళు ఒకటొకటిగా వెనక్కి పోతున్నా ఒక్కరూ కేకెయ్యలేదు. ఆసుపత్రి గేటులోకి బస్సు బస్సంతా దూసుకుపోతే వాచ్‌మన్ బెదిరిపోయి పక్కకి తప్పుకున్నాడు.

కడుపు నిలవలేదు. ఆమె ప్రాణానికి మాత్రం ఏమీ కాలేదు. కబురందుకుని తాతాజీ వచ్చేదాకా ఆమె మంచం పక్కన కూర్చున్నది, బస్సులో తన సీటిచ్చిన ఆవిడే. పేరు రత్నమాణిక్యం. అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు టీచరు. ఆ రోజు బడికి సెలవు పెట్టేసింది.

"మీరు వెళ్ళండి టీచరు గారూ, నా వల్ల మీకు ఇబ్బంది," అంది దుర్గాశ్రీ నీరసంగా.

"ఇబ్బంది ఏంటమ్మా! పిల్లలకి ఈ పూట ఆటలు," అంది రత్నమాణిక్యం. కాసేపాగి, "ఇది ఎన్నోది?" అని మెల్లగా అడిగింది.

"మూడోదండి."

"మా చెల్లెలికి ఇలాగే జరిగింది. రాజమండ్రిలో ప్రసన్నకుమారి గారని డాక్టరు. ఇలాంటివి ఓపిగ్గా చూస్తారు. ముందు ఎందుకు పోతున్నాయో తెలుసుకోవాలి కదా. నా మాట విని ఒక్కసారి వెళ్ళు."

ఇంటికొచ్చాక దుర్గాశ్రీకి వెళ్ళాలనిపించలేదు. పగలల్లా గోడవైపు తిరిగి పడుకునేది. తను ఏం చేసిందో వెతుక్కునేది. ఆ ముందు రోజు బస్సు ఎక్కేటప్పుడు పరిగెత్తింది. వారం కిందట పక్కింటివాళ్ళు పెట్టిన బొప్పాయి ముక్క తిన్నది. నిండు బిందె మోసింది. ఏదో ఒకటి చేసే ఉంటాను, లేకపోతే మూడుసార్లూ నాకే ఎందుకిలా, అనుకునేది. ఇరుగుపొరుగు పలకరింపుకని వచ్చి తలా ఒక కారణం చెప్పి వెళ్ళేవారు. శ్యామలాంబ అయితే సూటిగానే అంది.

"ఆ బస్సుల ఉద్యోగం మానెయ్యవే అమ్మాయ్. రోజల్లా ఆ కుదుపులకి ఏ కడుపు నిలబడతాది చెప్పు? ఉన్నదాంతో తింటాం. నాకేం ఉద్యోగం మీద కోపం కాదు. నిన్నిలా చూడలేకపోతన్నాను."

మానెయ్యడం దుర్గాశ్రీకి అంత తేలిక కాదు. నాన్న పోయాక అమ్మనీ చెల్లెల్నీ నిలబెట్టింది ఆ ఉద్యోగమే. అయినా అత్తగారి మాటే నిజమేమోనని లోపల ఒక మూల భయం. రాజీనామా ఎలా రాయాలో డిపోలో ఎవరినైనా అడుగుదామని కూడా అనుకుంది.

తాతాజీ మాత్రం రత్నమాణిక్యం గారికి ఫోన్ చేసి, డాక్టరు దగ్గర టైము తీసుకుని వచ్చాడు. "వద్దనకు దుర్గా. నాకు తెలుసుకోవాలనుంది," అన్నాడు. అతను ఏదైనా కావాలని అడగడం ఆమెకి అరుదు. సరేనంది.

గౌతమి వంతెన దాటి, జొన్నాడ, వేమగిరి మీదుగా రాజమండ్రి వెళ్ళారు. బస్సులో తను ప్రయాణికురాలిగా కూర్చోవడం దుర్గాశ్రీకి వింతగా ఉంది. టికెట్ కొట్టిన కండక్టరు ఆమెను గుర్తుపట్టి, ఏమీ అడక్కుండా కిటికీ పక్క సీటు ఇప్పించాడు.

ప్రసన్నకుమారి గారికి అరవై దాటి ఉంటాయి. తెల్లటి జుట్టు ముడి, నేత చీర. తాతాజీ అలవాటు ప్రకారం భార్యని లోపలికి పంపి బయట బెంచీ మీద కూర్చోబోతే, ఆవిడే తలుపు దగ్గరికొచ్చి పిలిచింది.

"మీరూ రండి బాబూ. పిల్లలు ఇద్దరికీ పోయారు కదా."

మూడు గర్భాల సంగతీ మొదటి నుంచీ చెప్పించుకుంది. ఎన్నో నెలలో పోయింది, నొప్పి ముందొచ్చిందా రక్తం ముందొచ్చిందా, స్కానింగులో ఏం కనపడింది, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా జరిగిందా, ఎవరికైనా కాళ్ళలో రక్తం గడ్డకట్టిందా, అన్నీ అడిగింది. అంతా అయ్యాక దుర్గాశ్రీ కళ్ళలోకి చూస్తూ, "ఎందుకిలా అయిందని నువ్వనుకుంటున్నావు?" అంది.

పరుగు, బొప్పాయి, బిందె, బస్సు. ఇన్నాళ్ళూ గోడకి చెప్పుకున్నదంతా దుర్గాశ్రీ ఆవిడకి చెప్పేసింది.

"ఇందులో ఏదీ కారణం కాదమ్మా," అన్నారు డాక్టరు గారు. "నువ్వు చేసినదాని వల్ల గానీ, చెయ్యనిదాని వల్ల గానీ ఈ కడుపులు పోలేదు. ఈ మాట నీకు ఎవరైనా చెప్పారా?"

లేదన్నట్టు తలాడించింది.

"అయితే నేను చెబుతున్నాను. గట్టిగా గుర్తుపెట్టుకో." తర్వాత తాతాజీ వైపు తిరిగింది. "మీరెలా ఉన్నారు బాబూ?"

ఎవరూ అడగని ప్రశ్న అది. తాతాజీ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఏడవడం దుర్గాశ్రీ చూడలేదు. మార్కెట్లో అరటి గెలల చాటున ఎన్నిసార్లు ఏడ్చి మొహం కడుక్కుని ఇంటికొచ్చాడో ఆ రోజే ఆమెకి తెలిసింది. లేచి వెళ్ళి అతని భుజం పట్టుకుంది. మూడుసార్ల దుఃఖానికీ ఇద్దరూ కలిసి ఏడ్చింది ఆ గదిలోనే.

డాక్టరు గారు వాళ్ళని తొందరపెట్టలేదు. కాస్త తేరుకున్నాక చెప్పారు. ఇలా వరసగా పోయినప్పుడు కొన్ని పరీక్షలు చేయించాలి. థైరాయిడ్, షుగరు చూడాలి. గర్భసంచి ఆకారం స్కానింగులో చూడాలి. భార్యాభర్తలిద్దరి క్రోమోజోములూ పరీక్షించాలి. రక్తం గడ్డకట్టే గుణం ఎలా ఉందో చూడాలి. "ఇన్ని చేసినా సగం మందిలో కారణం దొరకదు. అది కూడా ముందే చెబుతున్నాను. దొరకనివాళ్ళలోనూ ఎక్కువమందికి తర్వాత పిల్లలు పుడతారు. దొరికితే మందు వేసుకుందాం, దొరక్కపోతే జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉందాం."

రిపోర్టులకి వెళ్ళిన రోజు శ్యామలాంబ కూడా బయల్దేరింది. తన అనుమానం డాక్టరుతోనే తేల్చుకోవాలని ఆవిడ పట్టుదల. లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుంటూనే అడిగేసింది.

"ఆ బస్సుల్లో కుదుపులకే కదండి డాక్టరమ్మ గారూ?"

"నా దగ్గరికొచ్చేవాళ్ళలో గడప దాటనివాళ్ళూ ఉన్నారండి. బస్సు కుదుపులకి కడుపు పోయేదైతే మన రోడ్ల మీద తిరిగే ఆడవాళ్ళకి ఒక్కరికీ పిల్లలు పుట్టేవారు కాదు."

తాతాజీకి నవ్వొచ్చి కిటికీ వైపు తిరిగాడు.

కారణం దొరికింది. దుర్గాశ్రీ ఒంట్లో, రోగాలతో పోరాడవలసిన యాంటీబాడీలు కొన్ని దారి తప్పి, రక్తం తేలిగ్గా గడ్డకట్టేలా చేస్తున్నాయి. బిడ్డకి తల్లి నుంచి తిండీ గాలీ అందించేది మాయ. ఆ మాయలో ఉండే సన్నటి నాళాల్లో రక్తం సరిగ్గా సాగకపోతే బిడ్డ ఎదగలేదు. డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు.

శ్యామలాంబ ఆ బొమ్మ వైపు చాలాసేపు చూసింది. "పంటకాలవలో గుర్రపుడెక్క అడ్డంపడితే చివరాఖరి చేలకి నీళ్ళందవు. అలాగన్నమాటాండి?"

"అలాగే అనుకోండి."

"అయితే డెక్క తీసేసే మందుంటాదా?"

"పట్టకుండా చూసే మందుంది," అన్నారు డాక్టరు గారు నవ్వుతూ. "కానీ ఇప్పుడే మొదలుపెట్టను. జ్వరాలొచ్చినా ఈ యాంటీబాడీలు కొన్నాళ్ళు కనపడి పోతుంటాయి. మూడు నెలలాగి మళ్ళీ పరీక్ష చేద్దాం. అప్పుడూ ఉంటేనే ఇదని ఖాయం. అప్పటిదాకా మళ్ళీ నెల తప్పకుండా చూసుకోండి."

ఆ మూడు నెలలూ దుర్గాశ్రీ డ్యూటీకి వెళ్ళింది. రాజీనామా మాట ఎత్తలేదు. కోడలు పొద్దున్నే బయల్దేరుతుంటే శ్యామలాంబ క్యారేజీ కట్టి చేతికిచ్చి, "తిన్నగా తిను, బస్సులో నిలబడి మింగకు," అని మాత్రం అనేది. వీరాస్వామి గారు, ఆమె మళ్ళీ బస్సెక్కిన మొదటి రోజు, బండి తియ్యబోయే ముందు వెనక్కి తిరిగి, "వచ్చావా అమ్మాయ్," అన్నారు. ఆమెకి అదే చాలనిపించింది.

రెండో పరీక్షలోనూ అదే తేలింది. డాక్టరు గారు అంతా విడమర్చి చెప్పారు. నెల తప్పినట్టు తెలియగానే రావాలి. రోజూ ఒక చిన్న ఆస్ప్రిన్ మాత్ర, రోజూ పొట్ట చర్మం కింద ఒక ఇంజెక్షను, కాన్పు దగ్గరపడేదాకా. "ఈ మందులతో చాలామందికి బిడ్డ చేతికొస్తుంది. అందరికీ వస్తుందని మాట ఇవ్వలేను. నీకు వచ్చేలా చెయ్యగలిగిందంతా చేస్తాను."

మాట ఇవ్వలేనన్నందుకే దుర్గాశ్రీకి ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

వానాకాలం నాట్లు పడుతున్న రోజుల్లో నాలుగోసారి నెల తప్పింది. మందులు తెచ్చుకున్నారు. ఊళ్ళో హెల్త్ సెంటర్లో నర్సు సువార్తమ్మ ఇంజెక్షను ఎలా వెయ్యాలో చూపించింది. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో మడతలా పట్టుకుని, సూది నిట్టనిలువుగా దించి, మెల్లగా నొక్కి, తీశాక రుద్దకూడదు. మర్నాడు తాతాజీ వేస్తానన్నాడు. సూది మూత తీసి, దాని మొన చూసి మళ్ళీ మూత పెట్టేశాడు. మొహమంతా చెమట.

"ఏమండీ, మీరు పడిపోయేలా ఉన్నారు. ఇలా ఇవ్వండి, నేనే వేసుకుంటాను," అంది దుర్గాశ్రీ.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్న శ్యామలాంబ లోపలికొచ్చింది. "ఇద్దరూ ఊరుకోండి. సువార్తమ్మ చూపించినప్పుడు నేనూ చూశాను కదా." చేతులు సబ్బుతో కడుక్కుని, కొంగుతో కాకుండా ఉతికిన తువ్వాలుతో తుడుచుకుని, కోడలి పక్కన మంచం మీద కూర్చుంది. సూది దించినట్టే తెలియలేదు దుర్గాశ్రీకి. కళ్ళు తెరిచి చూస్తే అత్తగారి పెదాలు మాత్రం అదురుతున్నాయి.

"నొప్పెట్టిందా?"

"లేదండి అత్తయ్యా."

"పెట్టినా లేదంటావులే నువ్వు," అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ రోజు నుంచి పొద్దున్నే ఇంట్లో మొదటి పని అదే. పొట్ట మీద అక్కడక్కడా నీలంగా కమిలేది. నిన్న ఎటు వేసిందో చూసుకుని, శ్యామలాంబ ఈ పూట రెండోవైపు వేసేది. వేస్తున్నంతసేపూ ఏవో ఊరి కబుర్లు చెప్పేది. మంచం దిగనివ్వకూడదని ఆవిడకి ఉండేది గానీ, డాక్టరు గారు అదీ కాదన్నారు. పడుకుని ఉన్నంత మాత్రాన కడుపు నిలబడదనీ, ఈ అమ్మాయి కదలకుండా పడుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఇంకా ఎక్కువనీ చెప్పారు. దాంతో సాయంత్రాలు కోడలిని కాలవ గట్టు మీద నడిపించే బాధ్యత కూడా ఆవిడే తీసుకుంది.

గుండె చప్పుడు చూసే మొదటి స్కానింగు రోజు దుర్గాశ్రీ తెర వైపు చూడలేదు. తాతాజీ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. రెండోసారి స్కానింగులో ఆ అమ్మాయి మాటలు మానెయ్యడం ఆమె మరిచిపోలేదు. డాక్టరు గారికి ఆ సంగతి తెలుసు. అందుకే చెయ్యి పెట్టిన దగ్గర్నుంచీ మాట్లాడుతూనే ఉన్నారు. "ఇదిగో సంచి, బాగుంది. ఇదిగో బిడ్డ. ఇదిగో దుర్గా, ఇది విను." పరిగెడుతున్నట్టు, టకటకమని గుండె చప్పుడు. దుర్గాశ్రీ కళ్ళు తెరిచింది.

సంతోషం పూర్తిగా రాలేదు. వస్తే పోతుందేమోనని భయం. మొదటి కడుపు పోయిన నెల దాటింది, రెండోది పోయిన నెల దాటింది. మూడోది పోయిన నాలుగో నెల వచ్చేసరికి ఆమెకి అన్నం సహించలేదు. ఆ రోజుల్లో డాక్టరు గారు అవసరం లేకపోయినా వారం వారం రమ్మని, ఊరికే ఆ గుండె చప్పుడు వినిపించి పంపేవారు. "ఇది మందు కాదు గానీ, నీకు కావాలి," అనేవారు.

డిపోలో అర్జీ పెట్టుకుంటే బస్సు డ్యూటీ తప్పించి, రావులపాలెం బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్లో కూర్చోబెట్టారు. మైకు ముందు ఆమె గొంతు ఇంకా బాగా పలికేది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. అమలాపురం వెళ్ళు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది." గాలి అటు వీస్తే ఆ మాటలు మార్కెట్లో కమీషను కొట్టుదాకా వినపడేవి. తాతాజీ గెలలు ఎంచుతూనే ఒక చెవి అటు పడేసి ఉంచేవాడు. ఒక మధ్యాహ్నం చాలాసేపు మైకులో మగ గొంతు వినపడింది. పని వదిలేసి చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకి పరిగెత్తుకొచ్చాడు. చూస్తే దుర్గాశ్రీ వెనక గదిలో కూర్చుని పెరుగన్నం తింటోంది.

"ఏంటండీ, ఏమైంది?" అంది కంగారుగా.

"ఏం లేదు. ఊరికే. నువ్వు తిను," అన్నాడు ఆయాసపడుతూ. కౌంటరులో ఉన్నతను పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచి అన్నానికి వెళ్ళే ముందు ఆమె భర్తకి మెసేజ్ పెట్టి వెళ్ళేది.

ఏడో నెలలో సీమంతం చెయ్యలేదు. వద్దని దుర్గాశ్రీ ఎలా చెప్పాలా అనుకుంటుంటే, శ్యామలాంబే అంది. "పుట్టాక చేసుకుందాం సంబరం. ఇప్పుడు నలుగుర్నీ పిలిస్తే నీకు గుండె దడ." తనకోసం ఇంతగా మారిన ఆవిడ ఒళ్ళో దుర్గాశ్రీ తలపెట్టి పడుకుంది.

ఎనిమిదో నెల చివర్లో బిడ్డ ఎదుగుదల కాస్త మందగించింది. స్కానింగులు దగ్గర దగ్గరగా చేశారు. తొమ్మిదో నెల పడ్డాక డాక్టరు గారు, "ఇంక బిడ్డ లోపల ఉండటం కన్నా బయట ఉండటమే మంచిది," అన్నారు. ఇంజెక్షను ముందు రోజే ఆపించి, మర్నాడు పొద్దున్న ఆపరేషను చేశారు. గదిలోకి తీసుకెళ్తుంటే దుర్గాశ్రీ డాక్టరు గారి చెయ్యి వదలలేదు. వదలమని ఆవిడా అనలేదు.

ఆడపిల్ల. గుప్పెడంత ఉంది గానీ గట్టిగానే ఏడ్చింది. ఆ ఏడుపు విని దుర్గాశ్రీ కూడా ఏడ్చింది. కాస్త బరువు పెరిగేదాకా పిల్లల వార్డులో ఉంచారు. ఆ రోజుల్లో తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా బిడ్డని పడుకోబెట్టేవారు. బరువంటూ లేని ఆ బరువుని మోస్తూ, దుర్గాశ్రీ తనకి ఎవరెవరు ఏమేం చేశారో ఒక్కొక్కటే తలుచుకునేది. తాతాజీ ఫోన్ చేసి చెబితే రత్నమాణిక్యం టీచరు "నాకు తెలుసు బాబూ, ఈసారి నిలబడుతుందని నాకు తెలుసు," అందట. వీరాస్వామి గారు అప్పటికి రిటైరయ్యారు. భార్యతో కలిసి పళ్ళ బుట్ట పట్టుకొచ్చి, అద్దంలోంచి బిడ్డని చూసి, "వాళ్ళ తాత పోలికే," అని కళ్ళు ఒత్తుకున్నారు. చున్నీ ఇచ్చిన పిల్ల ఎవరో, నీళ్ళు పట్టిన చెయ్యి ఎవరిదో దుర్గాశ్రీకి ఈనాటికీ తెలియదు. రోజూ ఎక్కే దిగే జనంలో వాళ్ళూ ఉంటారు. అందుకని ఆమెకి బస్సులో అందరి మీదా ఒక రకమైన కృతజ్ఞత.

కాన్పయ్యాక కూడా ఆరు వారాలు ఇంజెక్షన్లు వెయ్యాలన్నారు. బాలింతకి రక్తం గడ్డకట్టే భయం ఉంటుందట. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు మరో నాలుగు మాటలు చెప్పారు. ఈ లక్షణం ఒంట్లోంచి పోయేది కాదు. కాలు వాచినా, పిక్కలో నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చెయ్యకుండా రావాలి. ఎవరో చెప్పారని గర్భం రాకుండా ఏ మాత్రలు పడితే అవి వేసుకోకూడదు, కొన్ని ఆమెకి పడవు. మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే ముందే వచ్చి చెప్పాలి.

"మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదండి," అంది దుర్గాశ్రీ.

"నా దగ్గరికి రానివాళ్ళు చాలామంది ఉన్నారమ్మా. తమదే తప్పనుకుని గోడవైపు తిరిగి పడుకున్నవాళ్ళు. నీకు తారసపడితే నాలుగు మాటలు చెప్పు. అదే చాలు."

పాపకి మణిదీపిక అని పేరు పెట్టారు. అన్నప్రాశనకి మాత్రం శ్యామలాంబ తను వాయిదా వేసిన సంబరాలన్నీ కలిపి చేసింది. ఊరంతా వచ్చింది. పుస్తకం, కలం, బంగారం, పూలు ముందు పెడితే, పాప వాటి జోలికే పోకుండా పాయసం గిన్నెలో చెయ్యి ముంచి మొహమంతా పులుముకుంది. "తిండిపుష్టి ఉందిలే," అని మురిసిపోయింది నాయనమ్మ.

ఆ తర్వాత రెండు రోజులకే దుర్గాశ్రీ సెలవు ముగిసింది. ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితం కావడంతో బళ్ళలో కాలు పెట్టే చోటుండటం లేదు. ఒకరోజు బండి అమలాపురం చేరి అందరూ దిగిపోయాక, డిపోలో కొత్తగా చేరిన కండక్టరమ్మాయి ఒకామె, తన బస్సు దిగి ఆమె పక్కన వచ్చి కూర్చుంది. పాతికేళ్ళుంటాయి. చేతి రుమాలు మడతలు పెడుతూ అంది.

"అక్కా, నాక్కూడా రెండు పోయాయి. మా ఇంట్లో ఉద్యోగం మానెయ్యమంటన్నారు. మీరు వేసుకున్న ఇంజెక్షను పేరు చెబుతారా?"

దుర్గాశ్రీ టికెట్ మిషను పక్కన పెట్టింది. "ఇంజెక్షను పేరు చెప్పను. అది నాకున్న జబ్బుకి. నీకున్నది వేరే కావచ్చు, అసలు ఏమీ లేకపోవచ్చు. ముందు ఎందుకో చూపించుకుందాం. ఈ శుక్రవారం నాకు వీక్లీ ఆఫ్, నీతో నేనొస్తాను. మీ ఆయన్ని కూడా రమ్మను."

"ఆయనెందుకక్కా?"

"రమ్మను. ఆయన్నీ ఎవరో ఒకరు అడగాలి కదా, ఎలా ఉన్నావని."

ఆ అమ్మాయి తలొంచుకుంది. దుర్గాశ్రీ ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, తిరుగు ట్రిప్పుకి జనం ఎక్కడం మొదలుపెట్టేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.